బేస్‌మెంట్‌లో నీళ్ళకుండ

పొద్దున్న ఆరున్నరకల్లా ప్రేమకుమారి ఇంట్లో రెండు వాసనలు లేస్తాయి. ఒకటి అల్లం టీ, రెండోది ఫినాయిల్. ఆవిడ ముప్పై రెండేళ్ళు ఢిల్లీ ఆస్పత్రుల్లో నర్సుగా చేసి, మోకాళ్ళ నొప్పులతో ముందుగానే పదవీ విరమణ చేసింది. వార్డు వదిలినా వార్డు అలవాట్లు వదల్లేదు. బాత్రూంలోకి ఎవరెళ్ళి వచ్చినా సరే, తలుపు ఇంకా ఊగుతుండగానే ఆవిడ ఫినాయిల్ సీసాతో ప్రత్యక్షమవుతుంది. అందులో కట్టుకున్న మొగుడికి కూడా మినహాయింపు లేదు.

"నేనేమన్నా కలరా రోగినా ప్రేమా?" అని జాన్‌బాబు రోజుకోసారైనా అడుగుతాడు.

"రోగాలు చెప్పి రావండీ. ముందు ఆ తడికాళ్ళు తుడుచుకోండి," అని ఆవిడా రోజూ అదే జవాబు చెబుతుంది.

జాన్‌బాబు ప్రభుత్వంలో మురుగు లైన్లు వేయించే ఇంజినీరుగా చేసి, కిందటేడు రిటైరయ్యాడు. ఇద్దరిదీ రేపల్లె ప్రాంతం. ఉద్యోగాలన్నీ ఢిల్లీలోనే గడిచాయి కాబట్టి లక్ష్మీనగర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని అక్కడే ఉండిపోయారు. వికాస్ మార్గ్ మీద మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. ఆ సందులో ఏ ఇంటి బేస్‌మెంట్‌లో చూసినా కోచింగ్ సెంటరే. బల్లలు, బోర్డులు, మెట్లమీద గుట్టలుగా చెప్పులు. వీళ్ళ బేస్‌మెంట్‌లోంచి మాత్రం కుట్టుమిషన్ల చప్పుడు వినిపించేది.

ఆ మిషన్లు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఎల్సావి. ఆ పిల్ల తల్లిలాగే నర్సింగ్ చదివింది. మూడేళ్ళు ఉద్యోగం చేసి, ఒక శుభముహూర్తాన రాజీనామా కాగితం ఇచ్చేసి ఇంటికొచ్చింది.

"జేబులో కత్తెర పట్టదు. పేషెంటుని లేపుదామని వంగితే చంక దగ్గర పర్రుమంటుంది. ఒంటికి సరిపడే బట్ట వేసుకుని డ్యూటీ చేసిన నర్సు ఈ ఊళ్ళో ఉందా మమ్మీ? నేను కుట్టిస్తాను," అంది.

ప్రేమకుమారికి మనసులో నిజమే కదా అనిపించింది. జాన్‌బాబుకే ఆ మాట మింగుడుపడలేదు. "తెల్లకోటు వేసుకోవలసిన పిల్ల తెల్లకోట్లు కుడుతుందట!" అని చర్చిలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని బాధపడ్డాడు. కానీ కూతురికి తండ్రి మంకుపట్టే వచ్చింది. వెనక బస్తీలోంచి ఏడుగురు ఆడవాళ్ళు పనికి వచ్చారు. ఒక ఆస్పత్రి మొత్తం యూనిఫారాలు ఎల్సాకే అప్పజెప్పింది. జులై చివరికి అన్నీ అందించాలి.

మే నెలలో ఒకనాడు ప్రేమకుమారి టిఫిన్‌కి పెసరట్టు వేస్తుంటే కింద్నుంచి ఎల్సా కేక వినిపించింది.

"మమ్మీ! జల్దీ రా! కమలేష్ దీదీ పడిపోయింది!"

మోకాళ్ళ సంగతి మరిచిపోయి ప్రేమకుమారి గబగబా మెట్లు దిగింది. కమలేష్ నలభై ఏళ్ళ మనిషి. అందరికంటే పొడుగరి, అందరికంటే చురుకైన చేయి. ఇప్పుడు మిషన్ పక్కన నేలమీద వాలిపోయి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, నాలుక అట్ట కట్టింది. నడుము పక్కన మెల్లగా తట్టి చూడగానే "అమ్మా!" అని మెలికలు తిరిగింది. ఇన్నేళ్ళ నర్సుకి ఇంకో పరీక్ష అక్కర్లేదు. మూత్రం బిగబట్టి బిగబట్టి తెచ్చుకున్న జ్వరం.

"పొద్దుట్నుంచీ ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగావు?" అని హిందీలో అడిగింది.

కమలేష్ కళ్ళు మూసుకుంది. ప్రేమకుమారి చూపు మూలనున్న కుండ మీద పడింది. ఎండలు ముదురుతున్నాయని ఏప్రిల్‌లో ఎల్సా కొన్న కొత్త కుండ. మూత మీద నూలు దుమ్ము పేరుకుని ఉంది. మూత తీస్తే అంచుదాకా నీళ్ళున్నాయి. ఏడుగురు ఆడవాళ్ళు, ఢిల్లీ మే నెల, కుండ మాత్రం నిండుగా ఉంది.

"మీరెవరూ నీళ్ళు తాగరా?"

అందరూ తలలు దించుకున్నారు. వాళ్ళలో పెద్దదైన రామ్‌రతి చివరికి నోరు విప్పింది. "తాగితే పైకి రావాలి కదా ఆంటీజీ."

"వస్తే ఏం? బాత్రూం పైనుంది, మొహమాటపడకండి అని మొదటిరోజే చెప్పాను కదా!"

"చెప్పారు. వచ్చాం కూడా. కమలేష్ బయటికొచ్చి చెప్పులు తొడుక్కునేలోపే మీరు వెళ్ళి ఫినాయిల్ పోశారు. నేనొచ్చినప్పుడూ పోశారు. దాంతో మేమంతా ఒక మాట అనుకున్నాం ఆంటీజీ. ఇంటికెళ్ళేదాకా ఓర్చుకుందామని." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అలవాటైన సంగతి చెప్పినట్టే చెప్పింది.

ప్రేమకుమారి గుండె కలుక్కుమంది. కమలేష్‌ని పైకి తెచ్చి తన మంచం మీద పడుకోబెట్టింది. వీధి చివరి డాక్టరుని పిలిపించి, మందులిప్పించి, ఆటోలో ఇంటికి పంపింది. ఆ పనులన్నీ చేతులు చేసుకుపోయాయి గాని, మనసు వేరేచోట తిరుగుతోంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎల్సా పళ్ళెం ముట్టుకోలేదు.

"నేను వేరే చోటు చూసుకుంటున్నాను. నెలాఖరుకల్లా మిషన్లు తీసుకెళ్ళిపోతా," అంది.

జాన్‌బాబు ముద్ద ఆపాడు. "ఇప్పుడేమయిందని?"

"ఏమయిందా? మనిషి చావుబతుకుల్లోకి వెళ్ళొచ్చింది! కింద బాత్రూం కట్టించమని మూడునెలల్నుంచి మొత్తుకుంటున్నాను. మీరు చెవినేసుకున్నారా?"

"కట్టకూడదనా నా కోరిక? కాదమ్మా, కుదరదు! సందులో లైను మూడడుగుల లోతున ఉంది. మన బేస్‌మెంటు నేల నాలుగున్నర అడుగుల కింద ఉంది. మురుగు మెట్లెక్కి వస్తుందా?"

"పంపు పెట్టొచ్చుగా?"

"కరెంటు పోతే? ఇక్కడ రోజుకి ఎన్ని గంటలు పోతుందో తెలీదూ? మొదటి వానకే ఆ కంపంతా నీ మిషన్ల కిందికొస్తుంది."

"ఇవన్నీ సాకులు డాడీ! అసలు సంగతి నాకు తెలుసు. నేను కింద ఓడిపోవాలి. ఓడిపోయి పైకొచ్చి, మళ్ళీ ఆ డ్యూటీలో చేరాలి. అప్పుడు చర్చిలో మీరు తలెత్తుకుంటారు."

"ఎల్సా!" జాన్‌బాబు కంచం తోసేశాడు. గ్లాసు దొర్లి నీళ్ళు బల్లంతా పారాయి.

"ఆగండి, ఇద్దరూ ఆగండి." ప్రేమకుమారి దొర్లిన గ్లాసు నిలబెట్టింది. "తప్పు మీదీ కాదు, దానిదీ కాదు. నాది."

తండ్రీకూతుళ్ళు ఆవిడ వైపు చూశారు.

"డెబ్భై మూడులో ట్రైనింగుకని ఈ ఊరొచ్చినప్పుడు ఒకళ్ళ మేడమీద గదిలో ఉన్నాను. మీకెప్పుడూ చెప్పలేదు. పెరట్లో కుళాయి ఉండేది. నేను నీళ్ళు పట్టుకుని వెనక్కి తిరిగేలోపు ఇంటావిడ వచ్చి, బూడిదతో ఆ కుళాయి తోమేది. ఒక్క మాట అనేది కాదు. తిట్టనూ లేదు, వద్దననూ లేదు. తోమేది, అంతే. రెండోవారం నుంచి నేను ఆ కుళాయి ముట్టుకోలేదండీ. రెండేళ్ళు ఆస్పత్రి నుంచి సీసాతో నీళ్ళు మోసుకున్నాను. సెలవురోజున దాహమేస్తే పడుకునేదాన్ని." ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. "ఇవాళ ఆ బూడిద మనిషిని నేనే అయ్యాను."

"అదేంటి ప్రేమా! నువ్వు నేనెళ్ళినా పోస్తావు గదా!"

"ఆ సంగతి వాళ్ళకేం తెలుసు? వాళ్ళు చూసింది వాళ్ళ వెనక పోసిందే."

ఎల్సా లేచొచ్చి తల్లి పక్కన కూర్చుంది. జాన్‌బాబు బల్లమీద ఒలికిన నీళ్ళు గుడ్డతో తుడిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాదీ ఒకటి చెప్పాలి," అన్నాడు. "తొంభై ఒకటిలో ఒక ఆఫీసర్ల క్వార్టర్లో బేస్‌మెంట్‌కి నేనే లైను కలిపాను. వర్షం పడ్డ రాత్రి అంతా వెనక్కి తన్నుకొచ్చింది. ఆ ఆఫీసరు నన్ను ఆ మురుగులో నిలబెట్టి, అందరి ముందూ తిట్టాడు. ఆనాడే బేస్‌మెంట్ జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాను. నువ్వు అడిగినప్పుడల్లా నాకు ఆ వాసనే వస్తుందమ్మా. నువ్వు ఓడిపోవాలని కాదు."

ఎల్సా లేచి తండ్రి కంచంలో మళ్ళీ అన్నం పెట్టింది.

మర్నాడు ప్రేమకుమారి గ్లూకోజు పొట్లాలు, పళ్ళు పట్టుకుని కమలేష్ ఇంటికి వెళ్ళింది. ఒక్క గది ఇల్లు, పైన రేకులు. కమలేష్ కంగారుగా లేవబోతే వారించి, మంచం అంచున కూర్చుంది. ఏమని మొదలుపెట్టాలో తెలియక, "దాహంగా ఉంది, కాసిని నీళ్ళివ్వు," అంది.

కమలేష్ ఒక్క క్షణం ఆగి, స్టీలు గ్లాసుతో ఇచ్చింది. ప్రేమకుమారి గటగటా తాగేసి ఇంకో గ్లాసు అడిగింది. అప్పుడు కుళాయి కథ మొత్తం చెప్పింది. ముప్పై నాలుగేళ్ళు ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని సంగతి, ఇంట్లో చెప్పిన మర్నాడే ఈ రేకుల కింద కూర్చుని చెప్పింది. "నా బుద్ధికి తోచలేదమ్మా. నన్ను క్షమించు," అని చెయ్యి పట్టుకుంది.

కమలేష్ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఛోడియే ఆంటీజీ, వదిలేయండి. ఎల్సా బిటియా మాకోసం పోట్లాడుతోందని తెలుసు. కింద బాత్రూం కట్టడం కుదరదటగా?"

"సందులో లైను మూడడుగులేనట. మీ అంకుల్ అదే పాట."

"ముందు సందులోనా? మరి వెనక గల్లీలోదో?" కమలేష్ మామూలుగా అంది. "మా ఆయన సీవర్ పనే చేస్తాడు కదా. ముందు గటర్‌లో దిగితే నడుం దాకా కనిపిస్తాడు. వెనక గల్లీలో దిగితే తల కూడా కనిపించదు. ఆరడుగుల మనిషి. ఆయన దిగిన రోజు పైకి వచ్చేదాకా నేను ఆ గట్టుమీదే నిలబడతాను."

ప్రేమకుమారి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఒళ్ళు జలదరించింది. కాని అందులోనే ఆవిడకు లెక్క కూడా అందింది. ఎంతైనా ఇంజినీరు పెళ్ళాం! మోకాళ్ళు కీచుమంటున్నా పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది.

"ఏవండీ! వెనక గల్లీ లైను ఎంత లోతు?"

"వెనకా? మన ప్లానులో అసలు వెనక లైనే లేదే," అన్నాడు జాన్‌బాబు పేపరు దించకుండా.

"ప్లానులో లేదేమో, గల్లీలో ఉంది. కమలేష్ మొగుడు దిగితే తల కనిపించదట. ఆరడుగుల మనిషి!"

పేపరు దిగింది. జాన్‌బాబు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాడు. కాగితం మీద ముందు సందు లైను ఒక్కటే గీసి ఉందని వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. చెత్త, పాత కూలర్లు అడ్డమని ఆ గల్లీలోకి ఇళ్ళవాళ్ళెవరూ వెళ్ళేవారు కాదు. లుంగీ ఎగ్గట్టి, గడకర్ర పట్టుకుని, ఆ మిట్టమధ్యాహ్నమే బయల్దేరాడు.

కబురందుకుని కమలేష్ భర్త వచ్చి గునపంతో మూత లేపాడు. అలవాటుగా చొక్కా విప్పబోయాడు.

"వద్దు భాయ్, దిగకు," అన్నాడు జాన్‌బాబు. "ముప్పై ఐదేళ్ళు గట్టుమీద నిలబడి నీలాంటివాళ్ళని దిగు దిగు అన్నాను. చాలు. కర్రతో కొలుద్దాం."

కర్ర దిగింది, దిగింది, ఇంకా దిగింది. పైకి తీసి టేపు పెట్టి చూస్తే ఏడడుగుల మీద నాలుగంగుళాలు. జాన్‌బాబు ఆ తడికర్ర పట్టుకుని గల్లీ మధ్యలోంచే కేకేశాడు. "ఎల్సా! నీ మిషన్లు ఎక్కడికీ పోవు! అవసరమైతే బాత్రూం నేల ఒక్క మెట్టు ఎత్తు చేస్తాను. పంపూ వద్దు, కరెంటూ వద్దు. నీళ్ళు వాటంతటవే పోతాయి!"

ఆ తర్వాత నాలుగు వారాలు ఆ ఇంటికి ఊపిరాడలేదు. గల్లీ లైనుకి కలుపుకోవడానికి జాన్‌బాబు మూడు ప్రతుల్లో అర్జీ రాసి, పాత ఆఫీసు పద్ధతిలో రోజూ వెళ్ళి కూర్చుని, చేతికి అనుమతి కాగితం వచ్చాకే కదిలాడు. బనీనుతో నేలమీద బోర్లా పడుకుని, నీళ్ళు నింపిన సన్నగొట్టంతో గోడగోడకీ మట్టం చూసుకున్నాడు. మేస్త్రీ పైపు వాలులో ఒక్క నూలు వాటం తగ్గించినా ఊరుకోలేదు. వాననీరు వెనక్కి తన్నకుండా పైపులో ఒంటివైపే తెరుచుకునే వాల్వు బిగించి, దాన్ని పదిసార్లు వేలితో కదిపి చూసుకున్నాడు. చర్చిలో కనిపించిన వాళ్ళకి ఇప్పుడు తెల్లకోట్ల సంగతి కాదు, వాటం సంగతి చెబుతున్నాడు.

ఒకరోజు రామ్‌రతి ఇటుకలకేసి చూస్తూ, "మాకు వేరుగా కడుతున్నారా ఆంటీజీ?" అని అడిగింది.

ప్రేమకుమారికి ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో బాగా తెలుసు. "వేరుగా కాదు. ఇంటికి ఇంకోటి కడుతున్నాం. పైది మీదీ, కిందది మాదీ కూడా. ఇది పూర్తయ్యేదాకా అందరూ పైకే రావాలి. రాకపోతే నేనే చెయ్యి పట్టుకుని తీసుకొస్తా," అంది. ఆ రోజు నుంచి వాళ్ళు పైకి వచ్చినప్పుడల్లా చేతులు కట్టుకుని వంటింట్లో కూర్చునేది. సీసా వైపు చెయ్యి పోకుండా ఆపుకోవడానికి ఆవిడ పడ్డ అవస్థ దేవుడికే తెలియాలి.

జూన్ చివరి శనివారం పరీక్ష. జాన్‌బాబు బకెట్ నిండా నీళ్ళు పట్టి, బట్టలకు పెట్టే నీలిమందు సీసా మొత్తం గుమ్మరించాడు. వెనక గల్లీలో మూత తెరిచి ఎల్సా, కమలేష్, ఆమె భర్త, మిగతా ఆరుగురూ వంగి నిలబడ్డారు. సంగతేమిటో తెలియకపోయినా కోచింగ్ పిల్లలు డాబాలెక్కి చూస్తున్నారు. ప్రేమకుమారి బేస్‌మెంట్‌లో మొబైల్ చెవికి ఆనించుకుని, "ప్రభువా, ప్రభువా," అనుకుంటోంది.

"పోస్తున్నా!" జాన్‌బాబు బకెట్ వంచాడు.

గుడగుడమంది. చప్పుడు గోడలోంచి దూరమైంది. ఫోన్‌లో ఏమీ లేదు. జాన్‌బాబు నుదుటిమీద చెమట కారుతోంది. ఒక్క నిమిషం, ఒకటిన్నర. అప్పుడు ఫోన్ అక్కర్లేకుండానే, గోడ అవతల్నుంచే వినిపించింది.

"ఆగయా! నీలా ఆగయా!" కమలేష్ గొంతు. ఆ వెంటే ఎల్సా అరుపు. "డాడీ! వచ్చింది! నీలం వచ్చింది!"

డాబాల మీద ఈలలు, చప్పట్లు. జాన్‌బాబు ఖాళీ బకెట్ పట్టుకుని పసిపిల్లవాడిలా గెంతాడు. ఎల్సా వెనక గల్లీలోంచి పరుగెత్తుకొచ్చి తండ్రిని చుట్టేసుకుంది. "నేను ఆరోజు అలా అనాల్సింది కాదు డాడీ," అంది ఏడుస్తూ. "నువ్వు అనకపోతే నేను కర్ర పట్టేవాణ్ణా?" అన్నాడాయన.

అసలు పరీక్ష జులై మొదటివారంలో వచ్చింది. పొద్దున్నే మొదలైన వాన సందుని ఏరు చేసింది. పక్కింటి బేస్‌మెంట్‌లోంచి కోచింగ్ పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని పైకొస్తున్నారు. జాన్‌బాబు మాత్రం కొత్త బాత్రూం గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, ఆ రంధ్రానికేసి రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాడు. పది గంటలైంది, పదకొండైంది. ఒక్క చుక్క వెనక్కి రాలేదు. వెనక మిషన్లు ఏడూ ఆగకుండా నడుస్తూనే ఉన్నాయి. పదహారేళ్ళుగా ముక్కుని అంటిపెట్టుకున్న వాసన ఆ పూట ఆయన్ని వదిలింది.

"ఇహ నేను కూడా వాడుకోవచ్చా?" అని లేచి లోపలికి వెళ్ళాడు.

బయటికొచ్చి రెండడుగులు వేశాడో లేదో, ప్రేమకుమారి నిగ్రహం పటాపంచలైంది. మెట్ల మీంచి సీసాతో దూసుకొచ్చి ఆయన వెనకే లోపలికి దూరింది. ఫినాయిల్ వాసన గుప్పుమంది. మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"చూశారా?" జాన్‌బాబు చేతులు చాచి ఏడుగురికీ మొర పెట్టుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా నా బతుకిదే!"

ముందు కమలేష్ నవ్వింది. ఆ వెనక రామ్‌రతి, ఆ వెనక అందరూ. కడుపులు పట్టుకుని నవ్వారు. లోపల్నుంచి వచ్చిన ప్రేమకుమారి సిగ్గుపడి, తనూ నవ్వాపుకోలేక గుమ్మానికి ఆనుకుంది. కమలేష్ లేచొచ్చి ఆవిడ చేతిలోంచి సీసా తీసుకుంది. "లాయియే ఆంటీజీ, ఇలా ఇవ్వండి. మీ మోకాళ్ళతో ఎన్నిసార్లు దిగుతారు? ఇది ఇక్కడే ఉండనీండి. ఎవరు వెళ్ళొస్తే వాళ్ళే పోస్తారు, అంకుల్‌జీతో సహా," అంటూ సీసా మెడకి గుడ్డపీలిక కట్టి తలుపు వెనక మేకుకి తగిలించింది.

అనుకున్న గడువుకి మూడు రోజుల ముందే యూనిఫారాలు టెంపోలో ఎక్కాయి. చివరి కట్ట ఎక్కించింది జాన్‌బాబే. "మా అమ్మాయి కుట్టించింది. జేబులో కత్తెర పడుతుంది, చూడండి," అని డ్రైవరుకి కూడా చూపించాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక దీపాలు ఆర్పడానికి ప్రేమకుమారి కిందికి దిగింది. మూలనున్న కుండ దగ్గర ఆగింది. మూత మీద దుమ్ము లేదు. పక్కన బోర్లించిన గ్లాసు ఇంకా తడిగా ఉంది. పొద్దున్న తనే అంచుదాకా నింపింది. రెండు చేతులా ఎత్తి, వంచి చూసింది.

అడుగున ఒక్క చుక్క లేదు.

ఆవిడ ఆ ఖాళీ కుండని చంటిబిడ్డలా ఒళ్ళోకి తీసుకుని, చివరి మెట్టు మీద కూర్చుని తనివితీరా ఏడ్చింది. పైనుంచి జాన్‌బాబు పిలిచాడు. "ప్రేమా, ఏం చేస్తున్నావక్కడ?"

"వస్తున్నానండీ," అంది కళ్ళు తుడుచుకుని లేస్తూ. "కుండ ఖాళీ అయింది. నింపాలి."